రైఫిల్ వేట మన అడవికి అచ్చిరాలేదు

విజ్జీ పేరెత్తితే పాతకాలం క్రికెట్ అభిమానులు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు ఆటను బట్టి కాక హోదాను బట్టి కెప్టెన్ అయినవాడు, లాలా అమర్‌నాథ్ అంతటివాణ్ని తొలి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపినవాడు. ఆ విజయనగరం మహారాజకుమార్ పూసపాటి విజయానంద గజపతిరాజు ఖాతాలో క్రికెట్ పుస్తకాలు అంతగా పట్టించుకోని పద్దు ఇంకొకటుంది. 1947 నుంచి 1951 దాకా కన్హా అభయారణ్యం లోపలా, చుట్టుపక్కలా పులులను కాల్చుకోవడానికి ఆయనకు ప్రత్యేక అనుమతి దొరికింది. కాల్చినవి 30. వేట కూడదని 1933లోనే అభయారణ్యంగా ప్రకటించిన అడవి అది.

ఆయన రేడియో కామెంటరీ మధ్యలో పులివేట కబుర్లు చెప్పుకొస్తుంటే వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ ఆశ్చర్యపోయాడట. తుపాకీతో కాల్చావా, నీ కామెంటరీ వినిపించి చంపావనుకున్నానే అన్నాడట. ఎవరో అల్లిన కథే కావచ్చు. ముప్పై పులుల లెక్క మాత్రం కథ కాదు. జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ కన్హా మీద 1967లో వెలువరించిన పుస్తకంలో దాన్ని నమోదు చేశాడు.

భిలాయి తెలుగువాళ్లకు ఈ పద్దు రెండు వైపుల నుంచీ దగ్గరిదే. కవర్ధా మీదుగా చిల్పీ ఘాట్ దాటితే కన్హా అడవుల అంచు తగులుతుంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడే వరకు భిలాయి, కన్హా ఒకే రాష్ట్రంలో, మధ్యప్రదేశ్‌లో ఉండేవి. ఇక విజయనగరం సంగతి. సోవియట్ సాయంతో భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టాలని 1955లో ఒప్పందం కుదిరాక, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించే లోపూ, ఆ తర్వాతా, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి రైలెక్కి ఇక్కడికొచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఆ కుటుంబాల మూడో తరం ఇప్పుడు డల్లాస్‌లోనూ డెన్వర్‌లోనూ ఉంది. కనుక భిలాయి మైత్రీబాగ్ తోటలో ఉదయం నడకకు వచ్చే రిటైరైన పెద్దల కబుర్లలోకి కొలరాడో ఎల్క్ వేట వచ్చిందంటే అందులో వింతేమీ లేదు.

ఆ కబుర్లలో ఒక వాదన తరచుగా వినిపిస్తుంది. అమెరికాలో వేటగాళ్లు కట్టే డబ్బుతోనే అడవి బతుకుతోంది, అక్కడ ఎల్క్‌లు లక్షల్లో ఉన్నాయి. మన దగ్గర నిషేధం పెట్టి యాభై ఏళ్లు దాటినా రైతు పంట అడవిపందుల పాలే అవుతోంది. కాబట్టి లెక్క ప్రకారం, ఫీజు కట్టించుకుని, మన అడవుల్లోనూ రైఫిల్ వేటకు తలుపు తెరిస్తే తప్పేంటి? ఇది నవ్వి కొట్టిపారేయాల్సిన వాదన కాదు. అమెరికా సగం వరకూ అది నిజమే. తేడా అంతా మన సగంలో ఉంది.

ముందు అమెరికా సంగతే చూద్దాం. ఎల్క్ అంటే మన సాంబారు దుప్పికి పెద్దన్న లాంటి జంతువు. బాగా ఎదిగిన మగది మూడు క్వింటాళ్లు తూగుతుంది. ఏటా కొమ్ములు రాల్చి మళ్లీ మొలిపించుకుంటుంది. యూరోపియన్లు రాకముందు ఉత్తర అమెరికాలో కోటి దాకా ఉండేవని అంచనా. మాంసం అమ్ముకునే వేటగాళ్లు, పశువుల మేత, సాగు కలిసి ఇరవయ్యో శతాబ్దం మొదటికల్లా వాటిని లక్షలోపుకు దించేశాయి. ఇప్పుడు పది లక్షల దాకా ఉన్నాయి. ఒక్క కొలరాడోలోనే రెండు లక్షల ఎనభై వేల చిల్లర, ఏ రాష్ట్రంలోనూ అన్ని లేవు. 1937లో తెచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను వసూలు చేసి, దాన్ని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే ఇస్తారు. ఆ సొమ్ము పొందాలంటే వేట లైసెన్సుల మీద వచ్చే ఆదాయాన్ని రాష్ట్రం వేరే పనులకు మళ్లించకూడదన్న షరతు కూడా ఉంది. మన దగ్గర సెస్సుల గతి తెలిసినవాళ్లకు ఈ షరతు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడ వేట ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూస్తేనే అసలు విషయం అర్థమవుతుంది. కొలరాడోలో 1949లో గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ఎవరైనా వేట భద్రతా శిక్షణ పాసై కార్డు చూపిస్తేనే లైసెన్సు. మంచి ప్రాంతాలకు లాటరీ. వేరే రాష్ట్రం వాడికి ఒక ఎల్క్ లైసెన్సు ఖరీదు ఏడు వందల డాలర్ల పైమాటే. రైఫిల్ సీజన్‌లో నడుం పైభాగాన, నెత్తిన కళ్లు జిగేలుమనే నారింజ రంగో, గులాబీ రంగో వేసుకోవాలి. ఎంత మేర వేసుకోవాలో చదరపు అంగుళాల్లో రాసి ఉంటుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకానే కాల్చాలి. బండిలోంచి కాల్చకూడదు. రాత్రి లైటు వేసి కాల్చకూడదు. చాలా ప్రాంతాల్లో మగ ఎల్క్‌ను కాల్చే ముందు దాని ఒక కొమ్ముకు కనీసం నాలుగు కొసలున్నాయో లేదో దుర్భిణితో లెక్కపెట్టుకోవాలి. మూడే ఉండి, నుదుటి దగ్గరి కొస కూడా ఐదంగుళాలు లేకపోతే, వందల మైళ్లు వచ్చినా రైఫిల్ దించుకోవాల్సిందే.

తూటా తగిలి ఎల్క్ పడిపోయాక అసలు చాకిరీ మొదలవుతుంది. ముందు చీటీ మీద తేదీ వేసి సంతకం చేసి కళేబరానికి కట్టాలి. మగదో ఆడదో తెలిసే ఆనవాలు మాంసంతోపాటే ఉంచాలి. పేగులు తీసి, చల్లారే లోపే నాలుగు కాళ్లుగా విడదీసి, కొండ మీంచి వీపున మోసుకు దిగాలి. తినదగ్గ మాంసం అడవిలో వదిలేస్తే అది నేరం. మెదడును తినేసే సీడబ్ల్యూడీ జబ్బు దుప్పుల్లో మొదట బయటపడింది కూడా 1967లో కొలరాడోలోనే. అందుకని కొన్నిచోట్ల తలను పరీక్షకు అప్పగించమంటారు. హెచ్1బీ వీసా మీద ఉన్న మన కుర్రాళ్లకు అక్కడ మామూలుగా తుపాకీ పట్టుకునే వీల్లేదు. అయితే రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే చట్టంలో మినహాయింపు ఉంది. వీసా స్టాంపింగ్ కన్నా ఎల్క్ లైసెన్సే సులువని ఎవరైనా జోకేస్తే కాదనలేం.

ఇదంతా చెప్పింది అమెరికాను పొగడడానికి కాదు. అక్కడా ఈ ఏర్పాటు మీద తగాదాలున్నాయి. తోడేళ్లను తుడిచిపెట్టేసి, ఎల్క్‌లు పెరిగి ఎల్లోస్టోన్ పొదలన్నీ మేసేశాక, 1995లో కెనడా నుంచి తోడేళ్లను మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. గమనించాల్సింది ఒక్కటే. అక్కడ ఎల్క్‌ను కాపాడింది రైఫిల్ కాదు, రైఫిల్ పట్టినవాడి చేతులు కట్టేసిన నియమం. గవర్నరైనా, గుమస్తా అయినా కొమ్ము కొసలు లెక్కపెట్టి తీరాల్సిన నియమం.

మన దగ్గర నియమం లేకపోలేదు. బ్రిటిష్ కాలం నుంచి 1972 దాకా మధ్య భారతంలో అడవులు షూటింగ్ బ్లాకులుగా విభజించి ఉండేవి. ఎవరికి ఏ బ్లాకు, ఎన్నాళ్లు, ఏ జంతువు ఎన్ని, ఫీజెంత, ఏ నెలల్లో వేట బంద్ అన్నవన్నీ కాగితం మీద ఉండేవి. కాగితం మీద చూస్తే కొలరాడోకు ఏమాత్రం తీసిపోదు. ఆచరణలోకి వచ్చేసరికి ఆ కాగితం చిన్నవాడికి రూలు, పెద్దవాడికి ఆహ్వానపత్రిక. విజ్జీ కన్హాలో చట్టాన్ని ఉల్లంఘించలేదని గుర్తుంచుకోవాలి. అనుమతి తీసుకునే కాల్చాడు. అభయారణ్యంలో వేటకు అనుమతి ఇచ్చే చేయి ఉండడమే అసలు జబ్బు.

ఛత్తీస్‌గఢ్‌కు ఇలాంటి ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. సర్గుజా మహారాజు రామానుజ్ శరణ్ సింగ్ దేవ్ తాను చంపిన పులులు మొత్తం 1150 అని 1965లో షాలర్‌కు రాసిన ఉత్తరంలో తానే చెప్పుకున్నాడు. అంకెల్లో రాసి, పొరబడకుండా అక్షరాల్లోనూ రాశాడు, చెక్కు రాసినట్టు. పక్కనే కొరియా సంస్థానం. అక్కడ 1947లో ఒక రాత్రి మహారాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ బండి లైట్ల వెలుగులో మూడు మగ చీతాలను కాల్చాడు. ఆ వివరం బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. దేశంలో రూఢిగా నమోదైన ఆఖరి చీతాలు అవే. 1952లో ఆ జంతువు భారత్‌లో అంతరించిందని ప్రకటించారు. రాత్రిపూట, లైటు వేసి, బండిలోంచి: కొలరాడోలో పంచాయతీ లేకుండా లైసెన్సు ఊడగొట్టే మూడు తప్పులూ ఆ ఒక్క రాత్రిలో ఉన్నాయి. నమీబియా నుంచి విమానంలో చీతాలను తెచ్చి కునోలో వదలడానికి 2022 సెప్టెంబరు 17 దాకా ఆగాల్సి వచ్చింది.

రాజులు పోయాక షికారు వ్యాపారమైంది. 1950ల్లో విదేశీయులకు పులివేట యాత్రలు కట్టిపెట్టే కంపెనీలు మధ్యప్రదేశ్‌లో పుట్టుకొచ్చాయి. వాటిలో పేరున్న ఆల్విన్ కూపర్‌ను పెట్టింది రాయ్‌పూర్ శుక్లా కుటుంబానికి చెందిన విద్యాచరణ్ శుక్లా. మధ్యప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి రవిశంకర్ శుక్లా కొడుకు. ఎమర్జెన్సీలో సమాచార మంత్రిగా దేశమంతా తెలిసి, 2013లో బస్తర్ జీరమ్ ఘాటీ దాడిలో గాయపడి కన్నుమూసిన నాయకుడు ఆయనే. అప్పటికి ఆ వ్యాపారం చట్టబద్ధమే. విదేశీ మారకద్రవ్యం తెస్తుందని మెచ్చుకున్న రోజులవి. వేట డబ్బు అడవికే చేరుతుందన్న వాదన మన దేశంలో ఒకసారి పరీక్షకు వచ్చిందంటే అది ఇదే. డబ్బు వచ్చింది. అందులోంచి అడవికి ఏం చేరిందో చెప్పే పిట్‌మన్-రాబర్ట్‌సన్ లాంటి పద్దు మాత్రం ఏదీ లేదు.

1970లో పులివేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. సోవియట్ స్నేహానికి గుర్తుగా భిలాయిలో మైత్రీబాగ్ పుట్టిందీ ఆ ఏడాదే: ఊళ్లో జూ తలుపు తెరుచుకున్న సంవత్సరమే దేశంలో వేట తలుపు సగం మూసుకుంది. సగమే ఎందుకంటే, ఆ చట్టం కిందా కొన్ని జంతువులకు వేట లైసెన్సులు ఉండేవి. మిగతా సగాన్ని మూసింది 1991 సవరణ. అప్పుడు ప్రధాని పి.వి.నరసింహారావు. ఆయన మంత్రివర్గంలో జలవనరుల మంత్రి ఎవరో కాదు, ఒకప్పటి షికారు కంపెనీ యజమాని విద్యాచరణ్ శుక్లాయే. చరిత్రకు ఇలాంటి చమత్కారాలు సరదా.

ఈ కథలో ఎల్క్‌కు నిజంగా సాటి వచ్చే జంతువు బారాసింగా. మధ్యప్రదేశ్ రాష్ట్ర జంతువు. తెరాయి బురద నేలల్లో తిరిగే దాని బంధువులకు గిట్టలు వెడల్పుగా విచ్చుకుంటాయి. కన్హా బారాసింగా గట్టినేల మీద నడవడానికి అలవాటు పడింది, గిట్టలూ బిగువే. సెంట్రల్ ప్రావిన్సెస్ అటవీ అధికారి డన్‌బార్ బ్రాండర్ పేరు మీద దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. శీతాకాలం జతకట్టే రోజుల్లో మగవి కొమ్ములను పచ్చిక మీద రుద్దీ రుద్దీ చిక్కుకున్న గడ్డినంతా నెత్తిన మోసుకు తిరుగుతాయి. పన్నెండు కొసల కొమ్ముల మీద పచ్చ తలపాగా చుట్టినట్టే ఉంటుంది. తిండి అంతా గడ్డే. ఈతకు ఒకే పిల్ల. పుట్టిన పిల్లను నిలువెత్తు గడ్డిలో దాచిపెట్టి తల్లి మేతకు వెళ్తుంది. గడ్డి లేకపోతే దానికి మేతా లేదు, పిల్లను దాచే చోటూ లేదు.

1938లో కన్హాలో ఇవి మూడు వేల దాకా ఉండేవని లెక్క. 1953 నాటికి 551. 1970లో 66.

మొత్తం నేరాన్ని రైఫిల్ మీదకు తోసేస్తే అది నిజాయితీ అనిపించుకోదు. వేట వాటిని కొంత తగ్గించింది. అసలు దెబ్బ గడ్డి మీద పడింది. మైదానాల్లో ఊళ్లుండేవి, వేల పశువులు మేసేవి, వేసవిలో గడ్డి తగలబెట్టేవారు. దాక్కునే గడ్డి లేక పిల్లలు బయటపడితే నక్కలూ పులులూ ఊరుకోవు. 1970ల మొదట్లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చి కన్హాలో కూర్చుని బారాసింగాలను గమనించిన క్లాడ్ మార్టిన్, తర్వాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంతర్జాతీయ సంస్థకు అధిపతి అయ్యాడు. ఆ రోజుల్లోనే క్రూరమృగాలు దూరకుండా కంచె వేసి, లోపల గడ్డి పెంచి, కొన్ని బారాసింగాలను అందులో సాకడం మొదలుపెట్టారు. మైదానాల్లోని ఊళ్లను పార్కు బయటికి తరలించారు. సోంఫ్ అనే ఊరు ఖాళీ అయిన చోట గడ్డి లేచింది, గడ్డి వెంట బారాసింగా వచ్చింది. 2020 నాటికి కన్హాలో వాటి సంఖ్య ఎనిమిది వందల దరిదాపులకు చేరింది. 2015లో కొన్నింటిని సాత్పురాకు, 2023లో మరికొన్నింటిని బాంధవ్‌గఢ్‌కు తరలించగలిగారంటే అదీ ఈ మిగులు వల్లనే.

ఎల్క్‌ను వేటగాడి పన్ను నిలబెట్టిందంటే, బారాసింగాను నిలబెట్టింది బైగా, గోండు కుటుంబాలు వదులుకున్న పొలాలు, ఇళ్లు. ఈ బిల్లు కట్టింది ఎవరో చెప్పకుండా కన్హాను విజయగాథగా చెప్పుకోవడం మనవాళ్లకు అలవాటైపోయింది. వాళ్లలో చాలామందికి సరైన పరిహారం అందలేదన్న ఫిర్యాదు ఇప్పటికీ ఉంది. అదే అడవిలో ఇప్పుడు డబ్బున్నవాడు రైఫిల్ పట్టుకుని దిగి, కొమ్ములు బాగున్న మగదాన్ని ఎంచుకుని కాలుస్తాడని, దానికి ఫీజు కడతాడని ఎవరైనా ప్రతిపాదిస్తే, ఖాళీ చేసి వెళ్లిన బైగా మనిషి ముందు నిలబడి ఆ మాట అనగలరా?

కొమ్ములు బాగున్నదాన్నే ఎంచుకోవడంలో మరో చిక్కుంది. పులి ముసలిదాన్నో, పిల్లనో, కుంటిదాన్నో పట్టుకుంటుంది. కొమ్ముల కోసం వచ్చే వేటగాడికి మందలో బలమైన మగది కావాలి. కెనడాలోని అల్బర్టాలో రామ్ పర్వతం మీది అడవి గొర్రెలను ముప్పై ఏళ్లు గమనించిన పరిశోధకులు, పెద్ద కొమ్ముల పొట్టేళ్లను ఏరి కాల్చడం వల్ల తరతరానికీ కొమ్ములు చిన్నవవుతున్నాయని 2003లో ప్రకటించారు. దాని మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య చాలా వాదన నడిచింది. లక్షల ఎల్క్‌లున్న చోట ఆ ప్రశ్నకు తీరిగ్గా జవాబు వెతుక్కోవచ్చు. ఎనిమిది వందల బారాసింగాలున్న చోట ఆ ప్రయోగమే వద్దు.

నిషేధం పెట్టినంత మాత్రాన చావులు ఆగలేదన్నదీ నిజమే. వేట వాదనకు అసలు బలం ఇక్కడుంది. నిషేధం పొగిడేవాళ్లు దీన్ని దాటవేస్తారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రైఫిల్ పోయింది, జీఐ తీగ వచ్చింది. అడవిపంది దారి పట్టిన చోట, నేల నుంచి మోకాలి ఎత్తున వెదురు పుల్లలు పాతి, వాటి మీదుగా తొడుగులేని సన్నటి తీగ లాగుతారు. పొలం అంచునో, చేల మధ్యనో సాగే 11 కేవీ లైనుకు చీకటి పడ్డాక పొడవాటి వెదురుతో కొక్కెం తగిలిస్తారు. తెల్లారేసరికి కొక్కెం తీసేస్తారు. తీగ చుట్టచుట్టి సంచిలో వేసుకుంటే ఆనవాలు ఉండదు. వేట లైసెన్సు లేదు, సీజన్ లేదు, కొమ్ము కొసల లెక్క అసలే లేదు. పంది కోసం కట్టిన తీగకు ఏనుగు తగులుతుంది, చిరుత తగులుతుంది, తెల్లవారుజామున చేనుకు నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క రైతు తగులుతాడు. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఇలాంటి చావుల వార్తలు జిల్లా పేజీల్లో కనబడని వానాకాలం ఉండదు.

ఇది చూసి, దొంగతీగ కన్నా లైసెన్సు రైఫిల్ నయం కదా అనిపించడం సహజం. అయితే తీగ కట్టేవాడికీ రైఫిల్ అడిగేవాడికీ సంబంధం లేదు. తీగ కట్టేది పంట పోయినవాడో, మాంసం అమ్ముకునేవాడో. రైఫిల్ వేట తెరిస్తే వచ్చేది ఊరి నుంచి కాదు, నగరం నుంచి. అతనికి అడవిపందితో పనిలేదు, కొమ్ములతోనే పని. రాజస్థాన్ కంకాణీలో 1998లో కృష్ణజింకల కేసులో సల్మాన్ ఖాన్‌కు కింది కోర్టు శిక్ష వేయడానికి 2018 దాకా పట్టింది. హర్యానాలో 2005లో కృష్ణజింక కేసులో ఇరుక్కున్న మాజీ క్రికెట్ కెప్టెన్ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ, కేసు తేలకముందే 2011లో కన్నుమూశారు. మన క్రికెట్ కెప్టెన్లకూ అడవికీ ఏదో లంకె ఉన్నట్టుంది. పూర్తి నిషేధం ఉన్నప్పుడే పెద్దవాళ్ల కేసులు ఇలా నడుస్తుంటే, అనుమతి పత్రం అనే ఆసరా కూడా ఇచ్చాక ఎలా నడుస్తాయో ఊహించుకోవచ్చు.

పైగా పంటకు నష్టం చేసే జంతువును చంపడానికి చట్టంలో దారి ఇప్పటికే ఉంది. 11వ సెక్షన్ కింద మనుషులకో, నిలిచిన పైరుకో ముప్పు తెచ్చే జంతువును, దాని రక్షణ స్థాయిని బట్టి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లిఖితపూర్వక ఉత్తర్వుతో కాల్పించవచ్చు. 62వ సెక్షన్ కింద కొంతకాలం పాటు కొన్ని జంతువులను హానికర జీవులుగా ప్రకటించే అధికారం కేంద్రానికి ఉంది. 2015 చివర్లో బీహార్‌లో మనుబోతులను, అడవిపందులను అలా ప్రకటించారు. 2016 జూన్‌లో మొకామా దగ్గర రెండు వందలకు పైగా మనుబోతులను కాల్చేశారు. కాల్చడానికి పిలిపించిన వాళ్లు హైదరాబాద్ వేటగాళ్లు. ఆ కాల్పుల మీద కేంద్రమంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ బహిరంగంగానే తగువు పడ్డారు.

రెండేళ్ల తర్వాత 2018 నవంబరు 2న, మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని కాల్చింది హైదరాబాద్‌కు చెందిన షఫత్ అలీ ఖాన్ కొడుకు అస్గర్. పదమూడు మంది మరణాలకు ఆ పులే కారణమన్నారు, ఊళ్లలో జనం నిజంగానే భయంతో బతికారు. కాల్చక తప్పదంటే కోర్టులు కూడా అడ్డుచెప్పలేదు. అయినా మత్తు ఇచ్చే ప్రయత్నం సరిగ్గా జరిగిందా, రాత్రిపూట కాల్చడమేమిటి, పశువైద్యుడెక్కడ అన్న ప్రశ్నలు నెలల తరబడి నలిగాయి. అత్యవసరమై, కోర్టు కన్ను ఉండి, దేశమంతా చూస్తుండగా ఒక్క జంతువును కాల్చిన తీరే ఇంత వివాదమైంది. ఏటా వందల లైసెన్సులు ఇచ్చి, బీట్ గార్డులు సరిపోను లేని అడవుల్లో ప్రతి తూటాకూ లెక్క అడుగుతామంటే నమ్మేదెవరు?

కాబట్టి వేట తెరవాలన్న మాటను పక్కన పెట్టి, ఆ మాట వెనకున్న రైతు బాధను పట్టుకోవాలి. అడవి అంచు పల్లెల మీదుగా వెళ్లే 11 కేవీ లైన్లకు తొడుగున్న తీగలు వేస్తే కొక్కెం వేయడం అంత సులువు కాదు. ఇది విద్యుత్ శాఖ పని, అటవీ శాఖది కాదు. అందుకే రెండు శాఖల మధ్య నలుగుతోంది. 2024 అక్టోబరులో రాయ్‌గఢ్ జిల్లాలో వేలాడే తీగ తగిలి మూడు ఏనుగులు చనిపోయాక బిలాస్‌పూర్ హైకోర్టే తనంతట తాను కల్పించుకుని విద్యుత్ అధికారులను అడగాల్సి వచ్చింది.

రెండోది పరిహారం. పంది ఒక రాత్రిలో ఎకరం మొక్కజొన్న పడగొడితే, పట్వారీ వచ్చి చూసి, కాగితం పైకి వెళ్లి, డబ్బు దిగేసరికి తర్వాతి పంట కోతకొస్తుంది. ఆ ఆలస్యమే రైతు చేత తీగ కొనిపిస్తోంది. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో చేరుస్తామని, 2026 ఖరీఫ్ నుంచి అమలవుతుందని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోపు పంట బీమా యాప్‌లో ఫొటోలతో సహా తెలపాలన్నది షరతు. షరతు మంచిదే, మోసాలు తగ్గుతాయి. ఇక చూడాల్సింది కవర్ధా, బాలోద్, గరియాబంద్ అడవి అంచు ఊళ్లలో మూడు రోజుల్లో ఫొటో ఎక్కించడానికి సిగ్నల్ దొరుకుతుందా, కౌలు రైతు పేరు ఆ యాప్ ఒప్పుకుంటుందా, ఏ జంతువుల పేర్లు రాష్ట్రం జాబితాలో పెడుతుంది అని. జాబితా రాసేది రాష్ట్రమే గనక రాయ్‌పూర్‌ను ఇప్పుడే అడగాలి.